షైనీ స్టాకింగ్స్: 'లండన్ లైవ్' ఫైలు అసలు ఎక్కడిదో తేల్చిన కేసు

వచ్చిన అభ్యర్థన ఇది: సోషల్ డ్యాన్స్‌లో వేసిన 'షైనీ స్టాకింగ్స్' కావాలి. అమెరికన్ జాజ్ పియానిస్టు కౌంట్ బేసీ బ్యాండుదే కావాలి, కానీ అందరి దగ్గరా ఉండే ఆల్బమ్‌లోది కాదు. ఆధారాలు రెండు ఇచ్చారు. ఫ్లోర్ పక్కన నిలబడి ఫోన్‌లో తీసిన అర నిమిషం వీడియో ఒకటి. ఆ రాత్రి డీజే ల్యాప్‌టాప్‌లో కనిపించిన ఫైలు పేరు రెండోది. అందులో పాట పేరు, బేసీ పేరు, పక్కన 'లైవ్, లండన్, 1957' అని ఉంది.

బెంగళూరులోనో, బే ఏరియాలోనో లిండీ హాప్ (స్వింగ్ సంగీతానికి చేసే జంట నృత్యం) నేర్చుకున్న తెలుగువాళ్లకు ఈ పాటని పరిచయం చేయక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. బేసీ బ్యాండులో టెనర్ శాక్సఫోన్ వాయించిన ఫ్రాంక్ ఫాస్టర్ రాసిన బాణీ ఇది. బ్యాండు దీన్ని 1956 జనవరిలో స్టూడియోలో రికార్డు చేసింది. 'ఏప్రిల్ ఇన్ ప్యారిస్' ఆల్బమ్‌లో వచ్చింది, వెర్వ్ లేబుల్, కాటలాగ్ నంబరు ఎంజీవీ 8012. వేగం నింపాదిగా ఉంటుంది, కొత్తవాళ్లకీ కాళ్లు తడబడవు. అలాగని నీరసమైన పాట కాదు. చాలాసేపు గొంతు తగ్గించి వాయించిన బ్యాండు చివర్లో ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, సోనీ పేన్ డ్రమ్స్ దానికి తోడు. ఫ్లోర్ మీద ఉన్నవాళ్లు ఎదురుచూసేది ఆ ఘట్టం కోసమే.

ఒకే బ్యాండు, ఒకే బాణీ, ఒకే రాతప్రతి. అయినా ఏ రాత్రి ఎక్కడ వాయించారన్నదాన్ని బట్టి పాట నడక మారిపోతుంది. అందుకే 'బేసీ షైనీ స్టాకింగ్స్' అని వెతికితే పాట దొరుకుతుంది గానీ, అడిగిన రికార్డింగ్ దొరకదు.

ముందు వినాలి, తర్వాతే వెతకాలి

ఇలాంటి పనిలో చాలామంది మొదటి అడుగే తప్పు వేస్తారు. ఫైలు పేరుని నమ్మి దాన్నే సెర్చ్‌లో కొడతారు. ఫైలు పేరు ఎవరో ఒకరు టైప్ చేసింది, అంతకుముందు ఇంకెవరో టైప్ చేసినదాన్ని చూసి. వినిపించేదానికి ఆ ఇబ్బంది లేదు. కాబట్టి ముందు క్లిప్ విని, అందులో ఏముందో కాగితం మీద రాసుకోవాలి.

క్లిప్‌లో ఉన్నది: పాట చివరి భాగం, పెద్ద గొంతుతో బ్రాస్ (ట్రంపెట్లు, ట్రాంబోన్లు), మధ్యలో డ్రమ్స్ పూరింపులు, ముగింపు, చప్పట్లు. పాడే గొంతు లేదు. పాట మొత్తంలో ఎవరూ పాడలేదని అడిగినవాళ్లూ గట్టిగా చెప్పారు. ఆ మాట అవసరం, ఎందుకంటే గాత్రం ఉన్న వెర్షన్లలోనూ బ్యాండు ఒక్కటే వాయించే చోట్లు ఉంటాయి. అర నిమిషం మౌనాన్ని బట్టి గాయని లేదని తేల్చలేం.

ఫోన్ క్లిప్ చెప్పే అబద్ధాలు కూడా తెలిసి ఉండాలి. ఫోన్ మైకు శబ్దం పెరిగితే తనంతట తనే తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. అందుచేత 'ఇందులో చివరి భాగం అంత పెద్దగా లేదు, కాబట్టి వేరే రికార్డింగ్' అనే వాదన చెల్లదు. బేస్ దాదాపు వినపడదు. ఆంప్లిఫయర్ లేకుండా నాలుగు బీట్లూ కొట్టే ఫ్రెడ్డీ గ్రీన్ గిటారు హాల్ రొదలో పూర్తిగా మునిగిపోతుంది. ఈ మూడింటినీ పోలికకి వాడకూడదు. క్లిప్‌లో నమ్మదగ్గవి డ్రమ్ దెబ్బల సమయాలు, బ్రాస్ స్వరం, అంతే.

అసలు చిక్కు చప్పట్లతో వచ్చింది. 'చప్పట్లున్నాయి కాబట్టి లైవ్' అని అడిగినవాళ్లు అనుకున్నారు. స్వింగ్ సోషల్‌లో పాట అవగానే డ్యాన్సర్లు ఎలాగూ చప్పట్లు కొడతారు. రికార్డులో ఉన్న చప్పట్లూ, హాల్లో కొట్టిన చప్పట్లూ ఫోన్‌లో కలగాపులగం అవుతాయి. వేరు చేయడానికి ఒక దారి ఉంది: రికార్డులోని చప్పట్లు స్పీకర్ల నుంచి వస్తాయి, డీజే తర్వాతి పాట ఎత్తుకోగానే ఠక్కున ఆగిపోతాయి లేదా సన్నగిల్లుతాయి. హాల్లోవి తర్వాతి పాట మీదికి పొర్లుతాయి. ఈ క్లిప్ అంతదాకా సాగలేదు. కాబట్టి చప్పట్లని ఆధారాల జాబితాలోంచి కొట్టేశాం.

కోరస్ గడియారం

షైనీ స్టాకింగ్స్ ముప్ఫైరెండు బార్ల బాణీ. అది ఒకసారి పూర్తిగా తిరిగితే ఒక కోరస్. ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు. మొదటిదీ మూడోదీ ఒకేలా మొదలవుతాయి, రెండోదీ నాలుగోదీ దేనికది వేరు. బారుకి నాలుగు బీట్లు, మొత్తం 128. డ్యాన్సర్లు లెక్కపెట్టే ఎనిమిదుల్లో పదహారు. ఆది తాళం అలవాటున్న చెవికి ఇది చాలా సులువు: పదహారు ఆవర్తనాలయితే ఒక కోరస్.

దీనివల్ల టెంపో కొలవడానికి ఆప్ అక్కర్లేదు. ఒక కోరస్ సరిగ్గా 60 సెకన్లు పడితే టెంపో నిమిషానికి 128 బీట్లు (బీపీఎం). 64 సెకన్లయితే 120. 58 అయితే సుమారు 132. క్లిప్ అర నిమిషమే కాబట్టి పూర్తి కోరస్ దొరకదు, అప్పుడు ఎనిమిది బార్లు కొలవాలి: 1920ని సెకన్లతో భాగిస్తే బీపీఎం. 15 సెకన్లకి 128, 15.5కి 124, 16కి 120. వేలు స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా వచ్చిందంటే దాదాపు రెండు బీపీఎం పోయినట్టే. అంటే చేత్తో కొలిచిన టెంపో 'ఇది 125 పాటా, 150 పాటా' అని చెప్పగలదు. 125కీ 127కీ మధ్య తీర్పు మాత్రం ఇవ్వలేదు. ఒకటి రెండు బీపీఎం తేడా చూసి 'ఇది వేరే వెర్షన్' అని వాదించుకునేవాళ్లు ముందు తమ స్టాప్‌వాచ్‌ని అనుమానించాలి.

తర్వాత శ్రుతి. బేసీ బ్యాండు దీన్ని ఏ ఫ్లాట్‌లో వాయిస్తుంది, మన లెక్కలో ఐదున్నర శ్రుతి. ఏ స్వరం 440 హెర్ట్జ్ అనే ప్రమాణంలో నడిమి ఏ ఫ్లాట్ 415.3 హెర్ట్జ్. పాట ఐదున్నరకీ ఆరుకీ మధ్య ఎక్కడో పలికితే బ్యాండు అపశ్రుతిలో ఉందని కాదు, కాపీ వేగం తప్పిందని. శ్రుతి అరమెట్టు పెరిగితే వేగం సుమారు 6 శాతం పెరిగినట్టు: 125 కాస్తా 132 అవుతుంది. సినిమా ఫిల్మ్‌ని యూరప్ టీవీ పద్ధతికి మార్చిన వీడియోల్లోంచి తీసిన శబ్దం 4 శాతం పైన పరుగెడుతుంది, అరమెట్టులో ముప్పావు వంతు. అలాంటి కాపీని కొత్త వెర్షన్ అనుకుని దాచుకున్నవాళ్లున్నారు. ఈ పరీక్ష గాత్రం ఉన్న వెర్షన్లకి అలాగే వాడకూడదు, గాయకుల గొంతుకి తగ్గట్టు శ్రుతి మార్చడం మామూలే. అక్కడ ఆ రికార్డు మంచి కాపీతోనే పోల్చుకోవాలి.

మన క్లిప్ ఐదున్నర కంటే వెంట్రుకవాసి ఎక్కువలో ఉంది. వేగం కాస్త పెరిగిన కాపీ అన్నమాట. అసలు రికార్డింగ్ ఏదో ఇది చెప్పదు. కానీ తర్వాతి మెట్టులో ఈ సంగతి గుర్తుండాలి.

వడపోత

అభ్యర్థుల జాబితా చిన్నదే. 1956 జనవరి స్టూడియో రికార్డింగ్. 1963 జులైలో గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ బేసీ బ్యాండుతో చేసిన 'ఎల్లా అండ్ బేసీ' ఆల్బమ్‌లోది, క్విన్సీ జోన్స్ అరేంజ్‌మెంట్లు, మాటలు ఎల్లావే. 'బేసీ ఇన్ లండన్' అనే లైవ్ ఆల్బమ్‌లోది, వెర్వ్ ఎంజీవీ 8199. ఇవి కాక తర్వాతి దశాబ్దాల కచేరీ రికార్డింగులు, వేరే బ్యాండులు బేసీ పద్ధతిలో వాయించినవి.

ఎల్లాది వెంటనే పోయింది: మొదటినుంచీ పాట గాత్రం చుట్టూ నడుస్తుంది, పైగా నిడివి మూడున్నర నిమిషాల చుట్టుపక్కల. స్టూడియోది ఐదు నిమిషాలు దాటుతుంది. రచయితల వరుసలో ఫాస్టర్ పక్కన ఎల్లా పేరు కూడా ఉంటే అది గాత్రం ఉన్న వెర్షన్ అయ్యే అవకాశం ఎక్కువ. అయితే పెద్ద స్ట్రీమింగ్ జాబితాల్లో ఆ పేరు వాద్య వెర్షన్లకీ అంటుకుని కనిపిస్తుంది, ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

పాట గుర్తించే ఆప్‌లు ఫోన్ క్లిప్ మీద చేతులెత్తేశాయి. వింతేం లేదు. ఆ ఆప్‌లు బాణీని పోల్చవు, ఒక నిర్దిష్ట రికార్డింగ్‌లోని శబ్ద శిఖరాల అమరికని పోలుస్తాయి. హాల్ ప్రతిధ్వని, జనం మాటలు, కాపీ వేగంలో తేడా, మూడూ కలిస్తే ఆ అమరిక చెదిరిపోతుంది. డీజే దగ్గర్నుంచి ఫైలే తెప్పించి వినిపిస్తే ఆప్ ఒక పేరు చెప్పింది. అది చవక రకం సంకలనం, దాని సంవత్సరం సంకలనం అచ్చైన సంవత్సరం. ఇక్కడ ప్రతి రికార్డింగ్‌కీ ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఐఎస్ఆర్‌సీ కోడ్ చూసి కూడా మోసపోతుంటారు. ఆ కోడ్‌లో దేశం, నమోదుదారు తర్వాత వచ్చే రెండంకెలు కోడ్ కేటాయించిన సంవత్సరానివి. 1956 నాటి వాయింపు కోడ్‌లో 10 అనో 14 అనో ఉండటం మామూలు.

ఇలాంటి సంకలనాలు ఇన్నెందుకు పుట్టాయన్నదానికి చట్టంలో కారణం ఉంది. యూరప్‌లో రికార్డింగులకి రక్షణ 50 ఏళ్లే ఉండేది. 2013 నవంబరు నుంచి 70కి పెంచారు గానీ, అప్పటికే గడువు తీరినవి తిరిగి రక్షణలోకి రాలేదు. దాంతో 1962 దాకా విడుదలైన జాజ్ అంతా అక్కడ ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, 1963లో విడుదలైనవి మాత్రం అంత తేలిగ్గా చిక్కవు. 1950ల బేసీ ఇన్ని అట్టల్లో, ఇన్ని తప్పు తేదీలతో తిరగడానికి ఇదే మూలం. అసలు టేపు చేతిలో లేనివాళ్లు ఎల్పీ నుంచో, పాత సీడీ నుంచో ఎక్కిస్తారు. వివరాలు అట్ట మీద ఉన్నవే రాస్తారు.

రెండు ట్రాకులు పక్కపక్కన

తీర్పు చెప్పే పరీక్ష ఇదే, ఖర్చు లేనిది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్ తెరిచి డీజే ఫైలు ఒక ట్రాకులో, మంచి స్టూడియో కాపీ రెండో ట్రాకులో పెట్టాలి. రెండింటినీ మోనో చేయాలి. రెంటిలోనూ స్పష్టంగా లేచే ఒక స్నేర్ డ్రమ్ దెబ్బని పట్టుకుని, దాని మొదటి అంచు ఒకే గీత మీదికి వచ్చేలా జరపాలి. అక్కడినుంచి ఎనిమిది బార్ల తర్వాత వచ్చే దెబ్బ దగ్గరకెళ్లి తేడా మిల్లీసెకన్లలో రాసుకోవాలి. మళ్లీ ఎనిమిది, మళ్లీ ఎనిమిది. కనీసం ఒక కోరస్ పూర్తవ్వాలి.

ఒకే వాయింపుకి రెండు కాపీలైతే, తేడా ఒకే దిశలో ఒకే వంతున పెరుగుతుంది. ఎనిమిది బార్లకి 30, పదహారుకి 60, ముప్ఫైరెండుకి 120 మిల్లీసెకన్లు అని వచ్చిందంటే రెండింటి మధ్య 0.2 శాతం వేగం తేడా ఉంది, అంతకు మించి ఏమీ లేదు. వేర్వేరు వాయింపులైతే అంకెలు తిరగబడతాయి: 40, తర్వాత మైనస్ 70, తర్వాత 110. సోనీ పేన్ ఎంత గట్టి డ్రమ్మర్ అయినా మనిషే. రెండు రాత్రుల్లో ఎనిమిది బార్లు మిల్లీసెకను తేడా లేకుండా రావు. ఈ పరీక్షలో మాస్టరింగ్ (విడుదలకి ముందు శబ్దానికి చేసే చివరి సవరణ) తేడా, ఈక్వలైజర్ తేడా, ప్రతిధ్వని కలపడం, ఏవీ అడ్డు రావు. ఒక ట్రాకుని తలకిందులు చేసి కలిపి మౌనం వస్తుందేమో చూసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మాస్టరింగ్ కాస్త మారినా, వేగం నూరో వంతు శాతం మారినా ఆ మౌనం రాదు, ఒకే వాయింపుని రెండనుకునే ప్రమాదం ఉంది.

స్టూడియో కాపీతో పెట్టినప్పుడు అంకెలు చెల్లాచెదురు. అంటే ఇది నిజంగానే వేరే వాయింపు, అడిగినవాళ్ల చెవి సరిగ్గానే విన్నది. 'బేసీ ఇన్ లండన్' కాపీతో పెట్టినప్పుడు మొదటినుంచి చివరిదాకా ఒకే వంతున జరిగాయి. డీజే ఫైలు కొద్దిగా వేగం, శ్రుతి చెప్పిన దిశలోనే. ఎల్పీని కాస్త వేగంగా తిరిగే టర్న్‌టేబుల్ మీంచి ఎక్కించిన కాపీకి ఇలాంటి తేడా ఉంటుంది. ఆ తర్వాత అర నిమిషం ఫోన్ క్లిప్‌ని డీజే ఫైలుతో పోల్చి, ఆ రాత్రి వేసింది ఇదే ఫైలని ధ్రువపరచుకున్నాం. ఈ చివరి మెట్టు చాలామంది వదిలేస్తారు. డీజే దగ్గర ఇదే పాటవి నాలుగు ఫైళ్లుంటే, గుర్తున్నది ఒకటి, వేసింది ఇంకొకటి కావచ్చు.

లండన్ కాని లండన్

'బేసీ ఇన్ లండన్' రికార్డు చేసింది లండన్‌లో కాదు. స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో, 1956 సెప్టెంబరు 7న. అట్ట మీద ఏముందో పక్కనపెట్టి చూసినా లండన్ అన్నది నిలబడదు. సంగీతకారుల సంఘాల మధ్య తగవు వల్ల 1930ల మధ్య నుంచి అమెరికన్ బ్యాండులు బ్రిటన్‌లో వాయించడానికి దారి మూసుకుపోయింది, 1956లో గానీ తెరుచుకోలేదు. బేసీ తన బ్యాండుతో బ్రిటన్‌లో మొదటిసారి పర్యటించింది 1957 ఏప్రిల్‌లో. 1956 యూరప్ పర్యటనలో పట్టిన టేపు లండన్‌ది అయ్యే వీలే లేదు.

ఫైలు పేరులోని 1957 ఎక్కడినుంచి ఊడిపడిందో ఊహించడం కష్టం కాదు. అట్ట చూసి లండన్ అన్నారు, బేసీ లండన్ వెళ్లింది ఎప్పుడని ఇంకెవరో చూసుకుని 1957 చేర్చి ఉంటారు. తప్పుని సరిదిద్దబోయి ఇంకో తప్పు పేర్చడం డిస్కోగ్రఫీలో, అంటే రికార్డింగుల వివరాల జాబితాలు కట్టే పనిలో, నిత్యం జరిగేదే. ఇలాంటిదాన్ని సెర్చ్‌లో కొట్టినవాళ్లు లేని లండన్ కచేరీ కోసం ఏళ్లతరబడి వెతుకుతారు.

కాపీ కొనేటప్పుడు, హాల్లో వేసేటప్పుడు

ఈ ఆల్బమ్ వెర్వ్ విడుదలల్లోనే తీసుకోవడం మేలు. సంకలనంలో కొనాల్సి వస్తే చూడాల్సినవి రెండు. అదే సంకలనంలో బేసీ బ్యాండు గాయకుడు జో విలియమ్స్ పాడిన 'ఆల్‌రైట్, ఓకే, యూ విన్', 'రోల్ ఎమ్ పీట్' లైవ్‌గా ఉన్నాయా? ఉంటే గోటెన్‌బర్గ్ టేపే అయ్యే అవకాశం బాగా ఉంది. షైనీ స్టాకింగ్స్ పక్కన 'మిడ్జెట్స్', 'డిన్నర్ విత్ ఫ్రెండ్స్' ఉంటే స్టూడియో ఆల్బమ్‌ది. రెండోది, 'స్టీరియో' అన్న మాట. 1956 టేపులు మోనో. 1960లలో మోనోని విడదీసి నకిలీ స్టీరియో చేసిన ఎల్పీలు వచ్చాయి: ఒక చెవిలో బొంగురు, ఇంకో చెవిలో కీచు, పైన ప్రతిధ్వని. వాటి నుంచి ఎక్కించిన ఫైళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. హాల్లో ఒక స్పీకర్ పక్కన బేస్ వినపడక డ్యాన్సర్లు బీటు తప్పుతారు. అలాంటిదే దిక్కయితే మోనోకి కలిపి వేయాలి.

శబ్దం స్థాయి పియానోని చూసి పెట్టకూడదు. బేసీ ఒకటి రెండు స్వరాలతో మునివేళ్ల మీద మొదలెడతాడు, అది వినపడాలని ఫేడర్ (శబ్దం పెంచే మీట) లేపితే చివరి కోరస్‌లో బ్రాస్ చెవులు తూట్లు పొడుస్తుంది. ముందు చివరి కోరస్ వేసి, హాలు ఎంత భరిస్తుందో చూసి స్థాయి ఖాయం చేసుకోవాలి. మొదట్లో మరీ తక్కువనిపిస్తే పాట నడుస్తుండగా మొదటి కోరస్‌లో కాస్త లేపి, సోలోల సమయానికి మెల్లగా దించాలి. కంప్రెసర్ వేసి అంతా ఒకే ఎత్తుకి తెస్తే ఆ విరుచుకుపడే ఘట్టమే పోతుంది, ఇక ఈ పాట వేయడం దండగ.

వేగం తప్పిన కాపీని టర్న్‌టేబుల్ తరహాలో, అంటే శ్రుతితో పాటే వేగాన్ని మార్చి సరిచేయాలి. శ్రుతి కదలకుండా వేగం మార్చే బటన్ నొక్కితే సింబల్స్, గిటారు మసకబారతాయి. డ్యాన్స్ కోసం కావాలని వేగం మార్చదలిస్తే 3 శాతం లోపు. అప్పటికే శ్రుతి అరమెట్టులో సగం కదులుతుంది, ఈ పాట బాగా తెలిసిన చెవి అది పట్టేస్తుంది.

లైసెన్సు సంగతి క్లుప్తంగా. భారత చట్టంలో రికార్డింగ్‌కి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల రక్షణ, కాబట్టి 1950ల విడుదలకి గడువు తీరింది. బాణీకి తీరలేదు: రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్లు, ఫాస్టర్ పోయింది 2011లో. టికెట్ పెట్టి హాల్లో డ్యాన్స్ నడిపేవాళ్లు సంగీత రచనల అనుమతి కోసం, రచయితల తరఫున ఆ అనుమతులిచ్చే సంస్థ ఐపీఆర్ఎస్‌ని అడగాల్సిందే.

ఫైలులో చివరికి ఉంచిన వివరాలు ఇవి: పాట పేరు, బేసీ, 'గోటెన్‌బర్గ్, 7 సెప్టెంబరు 1956', ఆల్బమ్ పేరు మాత్రం అట్ట మీద ఉన్నట్టే 'బేసీ ఇన్ లండన్'. ఆల్బమ్ పేరు మార్చలేదు, మారిస్తే తర్వాత కొనబోయేవాళ్లకి దొరకదు. సంవత్సరం గడిలో రికార్డు చేసిన ఏడాది, విడుదలది కాదు. వ్యాఖ్య గడిలో కోరస్‌కి పట్టే సెకన్లు, చివర చప్పట్లు ఎక్కడ మొదలవుతాయో ఆ నిమిషం, సెకను. చప్పట్లని మూలంలో కోయలేదు. సెట్‌లో వాడే కాపీలో మాత్రం రెండు సెకన్లుంచి ఫేడ్ చేశాం, హాల్లో వాళ్ల చప్పట్లకి చోటు మిగిలేలా.